పాస్‌వర్డ్ మార్చమనే మెయిల్ అసలుదా, నకిలీదా? జవాబు ఆ మెయిల్‌లో దొరకదు

విశ్లేషణ

రిసాలి (ఛత్తీస్‌గఢ్): 'మీ పాస్‌వర్డ్ మార్చాలన్న అభ్యర్థన మాకు అందింది' అంటూ 2026 జనవరి రెండో వారంలో పలు దేశాల ఇన్‌స్టాగ్రామ్ వినియోగదారులకు ఈ-మెయిళ్లు వచ్చాయి. వాటిని అందుకున్నవారు అలాంటి అభ్యర్థన చేయలేదు. దాదాపు 1.75 కోట్ల ఖాతాల వివరాలు బయటకు పొక్కాయని అదే సమయంలో మాల్వేర్‌బైట్స్ అనే సైబర్ భద్రతా సంస్థ ప్రకటించడంతో ఆందోళన పెరిగింది. తమ వ్యవస్థల్లోకి ఎవరూ చొరబడలేదని ఇన్‌స్టాగ్రామ్ వివరణ ఇచ్చింది. కొందరి ఖాతాలకు పాస్‌వర్డ్ మార్పు మెయిళ్లు పంపించమని బయటివారు కోరేందుకు వీలిచ్చిన లోపాన్ని సరిచేశామని, వచ్చిన మెయిళ్లను పట్టించుకోనక్కరలేదని తెలిపింది.

ఈ ఉదంతంలో గమనించదగిన విషయం ఒకటుంది. ఆ మెయిళ్లు నకిలీవి కావు. ఇన్‌స్టాగ్రామ్ యంత్రాంగమే వాటిని పంపింది. అభ్యర్థన మాత్రం ఖాతాదారుడిది కాదు. 'ఈ మెయిల్ అసలుదేనా' అని ఆ వారంలో ఎవరైనా నిపుణుణ్ని అడిగి ఉంటే 'అసలుదే' అన్న జవాబే వచ్చేది. ఆ జవాబు నిజమే అయినా, తర్వాత ఏం చేయాలో దానివల్ల తెలిసేది కాదు. పైగా అదే వారంలో అచ్చం అలాంటి నకిలీ మెయిల్ పంపే మోసగాడికి అంతకు మించిన అదను దొరకదు.

ఉక్కు పట్టణంలో మూడు భాషల మధ్య

ఈ సందిగ్ధం మహానగరాల యువతకే పరిమితమైనది కాదు. భిలాయి ఉక్కు పట్టణంలో భాగమైన రిసాలి వంటి చోట దాని బరువు మరింత ఎక్కువ. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి ఉక్కు కర్మాగారం ఏర్పడింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆ కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగు కుటుంబాలు ఉపాధి వెతుక్కుంటూ ఇక్కడికి చేరాయి. ఒకప్పుడు భిలాయి నగర పాలక సంస్థలో ఉన్న రిసాలి ఇప్పుడు ప్రత్యేక నగర పాలక సంస్థ. ప్లాంటు క్వార్టర్లు, వాటి చుట్టూ పెరిగిన కాలనీలు, పదవీ విరమణ చేసినవారి సొంత ఇళ్లు కలిసిన ప్రాంతమిది.

ఇక్కడి తెలుగు ఇంట్లో మాట తెలుగు. బజారులో, ఆఫీసులో హిందీ. బ్యాంకు నుంచో, గూగుల్ నుంచో, ఫేస్‌బుక్ నుంచో వచ్చే హెచ్చరిక చాలావరకు ఇంగ్లీషు. పదవీ విరమణ పొందిన కార్మికుడి ఈ-మెయిల్ ఖాతాను ఏ కొడుకో, మనవరాలో తెరిచిపెట్టి ఉంటారు. దాని పాస్‌వర్డ్ ఒక డైరీలో ఉంటుంది. ఖాతా మరిచిపోతే సంప్రదించాల్సిన ఫోన్ నంబరు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్న సంతానానిది కావచ్చు. పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్, బీమా, వైద్య ఖర్చుల బిల్లు, ప్లాంటు చుట్టుపక్కల పనిచేసే ఒప్పంద కార్మికుడి భవిష్య నిధి, ఇవన్నీ ఫోన్‌లోకి చేరాయి. పెన్షన్‌దారులు ఏటా సమర్పించే జీవిత ధ్రువపత్రం కూడా 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పథకంతో డిజిటల్ బాట పట్టింది.

ఇన్ని తలుపులకూ ఒకే తాళం చెవి ఈ-మెయిల్ ఖాతా. దేని పాస్‌వర్డ్ మరిచినా కొత్తది పెట్టుకునే లింకు సాధారణంగా అక్కడికే వస్తుంది. అందుకే 'పాస్‌వర్డ్ మార్చండి' అనే మెయిల్ మోసగాళ్లకు ప్రీతిపాత్రమైంది. జాగ్రత్త పడమని చెబుతూనే జాగ్రత్తను దోచుకునే గాలమది. భయపడినవాడే దాన్ని ముందుగా నొక్కుతాడు.

ఎవరి పేరైనా రాసుకోగల కవరు

మెయిల్‌ను చూసి పంపినవారెవరో చెప్పడం ఎందుకు కష్టమో తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. ఈ-మెయిల్ రవాణాకు నేటికీ ఆధారమైన ఎస్‌ఎంటీపీ విధానాన్ని 1982లో ప్రమాణీకరించారు. పరస్పరం తెలిసిన కొద్దిపాటి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల కోసం రూపొందిన విధానమది. తపాలా కవరు మీద పంపేవారి చిరునామా దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయవచ్చు. ఆ పేరు నిజమైనదేనా అని తపాలా ఉద్యోగి అడగడు. ఎస్‌ఎంటీపీ కూడా అడగలేదు.

ఆ లోటును పూడ్చేందుకు తర్వాతి దశాబ్దాల్లో మూడు ఏర్పాట్లు వచ్చాయి. ఒక సంస్థ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే కంప్యూటర్లకు ఉందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. మెయిల్‌పై సంస్థ వేసే డిజిటల్ ముద్ర డీకిమ్. ఆ రెండింటిలో తేడా వస్తే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే ఆదేశం డీమార్క్. భారీ సంఖ్యలో మెయిళ్లు పంపే సంస్థలన్నీ వీటిని పాటించాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి షరతు విధించాయి. ఫలితంగా ప్రసిద్ధ సంస్థ చిరునామాను ఉన్నదున్నట్టుగా దొంగిలించి పంపే మెయిళ్లకు చాలావరకు అడ్డుకట్ట పడింది.

అయితే ఈ ముద్ర చెప్పేది ఒక్కటే. మెయిల్ ఫలానా చిరునామా గల చోటి నుంచి వచ్చిందన్నది మాత్రమే. ఆ చిరునామా తన బ్యాంకుదేనా, మెయిల్‌లో రాసింది నిజమేనా అన్నది అది చెప్పదు. మోసగాడు తన సొంత చిరునామాను డబ్బు పెట్టి కొనుక్కుని, దానికి ఈ మూడు ముద్రలూ సక్రమంగా వేయించుకోవచ్చు.

అసలుది నకిలీలా, నకిలీది అసలులా

'పంపినవారి చిరునామాను జాగ్రత్తగా చూడండి' అన్నది అందరూ ఇచ్చే సలహా. పనికొచ్చేదే, కానీ దాని పరిమితులు చిన్నవి కావు. ఫేస్‌బుక్ తన భద్రతా హెచ్చరికలను చాలాకాలంగా 'ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్' అనే చిరునామా నుంచి పంపుతోంది. చూడగానే అనుమానం కలిగించే పేరది, అయినా అసలుదే. మైక్రోసాఫ్ట్ ఖాతా హెచ్చరికలు 'అకౌంట్‌ప్రొటెక్షన్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' నుంచి వస్తాయి. అదీ అసలుదే. ఇదే పదాలను తారుమారు చేసి, మైక్రోసాఫ్ట్ అన్న మాటను ముందుకు తెచ్చి, చివర మరో పేరు తగిలిస్తే అది నకిలీ.

చిరునామాకు యజమాని ఎవరో దాని చివరి భాగం చెబుతుంది. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తే, ఇంటర్నెట్ చిరునామాలో ఇంటిపేరు చివర వస్తుంది. ముందున్న పేరు ఎంత గొప్పదైనా యజమాని చివరివాడే. ఫోన్ తెర మీద చిరునామాలో కొంత భాగమే కనబడుతుంది. చాలా యాప్‌లు చిరునామాను దాచి పేరును మాత్రమే చూపిస్తాయి. ఆ పేరు పంపేవాడు ఇష్టం వచ్చినట్టు పెట్టుకునేది.

అక్షరాలు కూడా కళ్లను మోసం చేయగలవు. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఉంటే 'ఎం'లా కనిపిస్తాయి. 'ఎల్'కూ అంకె 1కీ తేడా తెలియదు. భిలాయిలో సోవియట్ నిపుణులతో కలిసి పనిచేసిన పాతతరం ఇంజనీర్లకు ఇంకొక తేడా గుర్తుండవచ్చు. రష్యన్ లిపిలో 'ర' పలికే అక్షరం ఇంగ్లీషు 'పి'లాగే ఉంటుంది. 'స' పలికేది 'సి'లా ఉంటుంది. ఇంగ్లీషులోనూ రష్యన్‌లోనూ 'ఎ', 'ఇ', 'ఒ'ల ఆకారాలు ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు అక్షరాలు. పూర్తిగా రష్యన్ లిపి అక్షరాలతో 'యాపిల్ డాట్ కామ్'ను పోలిన చిరునామాను 2017 ఏప్రిల్‌లో ఒక పరిశోధకుడు నమోదు చేసి చూపించాడు. అప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో అది అసలు చిరునామాలాగే కనిపించింది. ఆ వెంటనే వచ్చిన క్రోమ్ 58వ వెర్షన్‌లో గూగుల్ దీనికి సవరణ చేసింది. ఎంత చదువుకున్నవారైనా కంటితో ఆ తేడాను పట్టుకోలేరు.

చిరునామా నిజమైనదై, డిజిటల్ ముద్ర సరిగా ఉండి కూడా మెయిల్ మోసపూరితం కావచ్చని 2025 ఏప్రిల్‌లో బయటపడింది. గూగుల్ అధికారిక చిరునామా నుంచి, గూగుల్ ముద్రతో, ఖాతా సమాచారం ఇవ్వాలంటూ న్యాయపరమైన నోటీసు వచ్చిందని చెప్పే మెయిల్ ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడికి అందింది. మోసగాళ్లు తమ సొంత యాప్‌కు పేరుగా ఆ మోసపు సందేశాన్నే పెట్టారు. ఆ యాప్ గురించి గూగుల్ యంత్రాంగం తమకే పంపిన నిజమైన భద్రతా హెచ్చరికను ఉన్నదున్నట్టుగా ఇతరులకు మళ్లించారు. లోపలి లింకు తీసుకెళ్లే పేజీ కూడా గూగుల్ సైట్స్ సేవలోనే ఉంది, అక్కడ ఎవరైనా ఉచితంగా పేజీ పెట్టుకోవచ్చు. ఈ దారిని మూసే చర్యలు తీసుకున్నట్టు గూగుల్ తర్వాత ప్రకటించింది.

అక్షరదోషాల కాలం చెల్లింది

భాషలో తప్పులు వెతకమన్నది మరో పాత సలహా. అక్షరదోషాలు, తడబడే వాక్యాలు, 'ప్రియమైన ఖాతాదారుడా' వంటి పొడి సంబోధన ఉంటే అనుమానించమని దశాబ్దంన్నరగా చెబుతూ వచ్చారు. రచనలో తప్పులు పట్టగల ఇంగ్లీషు పరిజ్ఞానం ఉన్నవారికే ఆ సలహా ఉపయోగపడేది. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు చదివి, ఇంగ్లీషును అవసరం మేరకు నేర్చుకున్నవారికి మెయిల్‌లోని వాక్యం సహజంగా ఉందో లేదో తేల్చుకోవడం మొదటి నుంచీ కష్టమే. కృత్రిమ మేధ సాధనాలు అందుబాటులోకి వచ్చాక ఆ సలహా మిగిలినవారికీ అక్కరకు రాకుండా పోయింది. తప్పులేని ఇంగ్లీషు, చదవదగిన తెలుగు, మర్యాదగల హిందీ ఇప్పుడు ఎవరికైనా క్షణాల్లో దొరుకుతాయి.

తెలుగు విషయంలో ఈ పరీక్ష తలకిందులైంది కూడా. పెద్ద సంస్థల అసలు సందేశాలకు వచ్చే తెలుగు అనువాదాలు చాలాసార్లు ఇంగ్లీషు వాక్యపు అచ్చులో పోసినట్టుంటాయి. ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియని కర్మణి వాక్యాలు, వాడుకలో లేని పారిభాషిక పదాలు వాటిలో కనిపిస్తాయి. పాస్‌వర్డ్‌ను ఒకచోట 'సంకేతపదం', మరోచోట 'అనుమతి పదం', ఇంకోచోట 'రహస్యపదం' అంటే చదివేవాడు అయోమయంలో పడతాడు. మోసగాడికి అలాంటి నియమం లేదు. 'అయ్యా, మీ ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుంది, వెంటనే ఇక్కడ నొక్కండి' అని సూటిగా రాస్తాడు. బాగున్న భాష నిజాయితీకి గుర్తు కాలేదు, బాగాలేని భాష మోసానికీ గుర్తు కాలేదు. తమ భద్రతా సందేశాలను స్పష్టమైన తెలుగులో రాయించే బాధ్యతను సంస్థలు ఇంతకాలం తేలిగ్గా తీసుకోవడం వల్ల కలిగిన నష్టాల్లో ఇదొకటి.

నిపుణుణ్ని అడిగినా తప్పని ముప్పు

మెయిల్ అసలుదో కాదో తెలిసినవారిని అడగడం మంచిదే. కానీ అడిగినంత మాత్రాన ప్రమాదం తప్పదని 2016 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారం నిరూపించింది. హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు ఆ ఏడాది మార్చి 19న గూగుల్ పేరుతో మెయిల్ వచ్చింది. మీ పాస్‌వర్డ్ వేరొకరికి తెలిసిపోయింది, ఉక్రెయిన్ నుంచి ప్రవేశించే ప్రయత్నం జరిగింది, వెంటనే మార్చుకోండి అన్నది దాని సారాంశం. సహాయకులు దాన్ని సాంకేతిక విభాగానికి పంపి సలహా అడిగారు. అక్కడి ఉద్యోగి అది సక్రమమైన మెయిలే అని జవాబిచ్చాడు. అక్రమమైనది అని రాయబోయి ఇంగ్లీషులో వ్యతిరేకార్థాన్నిచ్చే రెండక్షరాల ఉపసర్గను వదిలేశానని ఆయన తర్వాత న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెప్పాడు.

ఆ రెండక్షరాల కథ ప్రసిద్ధమైంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పాస్‌వర్డ్ మార్చుకునేందుకు గూగుల్ అసలు పేజీ చిరునామాను అదే జవాబులో ఆ ఉద్యోగి ఇచ్చాడు. దాన్ని ఉపయోగించి ఉంటే, మెయిల్ అసలుదైనా నకిలీదైనా ఏ నష్టమూ జరిగేది కాదు. నొక్కింది మాత్రం పాత మెయిల్‌లోని లింకును. పొడెస్టా ఖాతా నుంచి 50,000కు పైగా మెయిళ్లు చోరీ అయ్యాయని, దీని వెనుక రష్యా సైనిక నిఘా అధికారులు ఉన్నారని 2018 జులైలో అమెరికా న్యాయశాఖ అభియోగపత్రంలో ఆరోపించింది. మెయిల్ గురించిన తీర్పు తప్పినా, దారి సరైనదైతే చాలని ఈ ఉదంతం చెబుతోంది.

మన దారిన మనం వెళ్లడం

భద్రతా నిపుణులు నేడు ఇచ్చే సలహాల్లో అన్నిటికంటే దృఢమైనది ఇదే. పాస్‌వర్డ్ మార్పు మెయిల్ ఎవరి పేరుతో వచ్చినా అందులోని లింకు, బొత్తాం, ఫోన్ నంబరు, జతపరచిన ఫైలు, దేనినీ వాడకూడదు. మెయిల్‌ను పక్కన పెట్టి ఆ సంస్థ యాప్‌ను నేరుగా తెరవాలి, లేదా తెలిసిన చిరునామాను బ్రౌజర్‌లో స్వయంగా టైపు చేయాలి. నిజంగా ఏదైనా జరిగి ఉంటే లోపలే కనిపిస్తుంది.

కొన్ని సంస్థలు ఇందుకు ప్రత్యేక ఏర్పాట్లు చేశాయి. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో 'పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ' విభాగం కింద ఇటీవలి ఈ-మెయిళ్ల జాబితా ఉంటుంది. గత 14 రోజుల్లో సంస్థ పంపిన భద్రతా మెయిళ్లు అక్కడ కనిపిస్తాయి. చేతిలోని మెయిల్ ఆ జాబితాలో లేకపోతే అది ఇన్‌స్టాగ్రామ్ పంపినది కాదు. గూగుల్ ఖాతాలోని భద్రతా విభాగం గత 28 రోజుల కీలక మార్పులను చూపిస్తుంది. ఏ పరికరం నుంచి ఖాతా తెరిచారో, పాస్‌వర్డ్ ఎప్పుడు మారిందో అక్కడ తెలుస్తుంది.

ఖాతాదారుడు తానే 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అని నొక్కినప్పుడు వచ్చే మెయిల్ సంగతి వేరు. అది కోరిన వెంటనే, సాధారణంగా నిమిషాల్లో వస్తుంది. అప్పుడు అందులోని లింకును వాడటం తప్పనిసరి కూడా. అలాంటప్పుడైనా తెరుచుకున్న పేజీ కొత్త పాస్‌వర్డ్‌తో సరిపెట్టాలి. ఏటీఎం పిన్, కార్డు నంబరు, ఆధార్ నంబరు అడిగితే అక్కడితో ఆగిపోవాలి.

ఏ సంస్థ ఏ దారిలో పాస్‌వర్డ్ మారుస్తుందో ముందే తెలిసి ఉండటం మరో రక్షణ. ఉదాహరణకు, భవిష్య నిధి సంస్థ సభ్యుల పోర్టల్‌లో పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ నమోదిత మొబైల్‌కు వస్తుంది. అందువల్ల ఈపీఎఫ్‌ఓ పేరుతో 'మీ యూఏఎన్ పాస్‌వర్డ్ గడువు ముగిసింది, ఇక్కడ నొక్కండి' అని మెయిల్ వస్తే దాని అక్షరాలను పరీక్షించాల్సిన పని లేదు.

పాస్‌వర్డ్ మేనేజర్‌కు మనిషి కంటికి లేని ఒక గుణం ఉంది. అది పేజీ అందాన్ని చూడదు, చిరునామాను మాత్రమే పోల్చి చూస్తుంది. అచ్చం బ్యాంకు పేజీలా ఉన్నా చిరునామా వేరైతే పాస్‌వర్డ్‌ను తనంతట తాను నింపదు. అది నింపనప్పుడు చేత్తో టైపు చేయబోయే ముందు ఒక్క క్షణం ఆగడం మంచిది. పాస్‌కీ అన్న కొత్త విధానం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫోన్‌లోనే భద్రంగా ఉండే ఆ తాళం నకిలీ చిరునామా దగ్గర పనిచేయదు. టైపు చేసే పాస్‌వర్డే లేదు కాబట్టి దొంగ చేతికి ఇచ్చేందుకూ ఏమీ ఉండదు.

అడగకుండా వచ్చిన అసలు మెయిల్

ఇన్‌స్టాగ్రామ్ ఉదంతంలో వలె మెయిల్ అసలుదే అని తేలితే దాని అర్థం ఏమిటి? ఎవరో ఆ ఖాతా పేరునో, ఈ-మెయిల్ చిరునామానో 'మరిచిపోయాను' పేజీలో టైపు చేశారని మాత్రమే. పొరపాటు కావచ్చు, ప్రయత్నం కావచ్చు. లింకును ఎవరూ వాడనంతవరకు పాస్‌వర్డ్ మారదు. పాస్‌వర్డ్ వాళ్లకు తెలిసిపోయిందని కూడా అర్థం కాదు, తెలిసి ఉంటే దాన్ని మార్చమని కోరాల్సిన అవసరమే లేదు.

ముప్పు తర్వాతి అడుగులో ఉంది. అసలు హెచ్చరికలను తామే రప్పించి, ఆ వెంటనే సంస్థ ప్రతినిధిలా ఫోన్ చేసే పద్ధతి 2024 మార్చిలో యాపిల్ ఖాతాదారుల విషయంలో వెలుగులోకి వచ్చింది. పాస్‌వర్డ్ మార్పుకు అనుమతి కోరే సందేశాలు ఫోన్ తెరపై పదేపదే వచ్చాయి. ఆ తర్వాత యాపిల్ సహాయ కేంద్రం నుంచి అంటూ ఫోన్ వచ్చి ఓటీపీ అడిగింది. హెచ్చరికలు నిజమైనవి కావడమే ఆ అబద్ధపు ఫోన్‌కు విశ్వసనీయత తెచ్చింది. అడగకుండా వచ్చిన మెయిల్ తర్వాత వచ్చే ఫోన్‌ను ఆ మెయిల్‌లో భాగంగానే చూడాలి. ఓటీపీని ఎవరికీ చెప్పకూడదు, వచ్చిన ఫోన్‌ను నమ్మి తెరపై 'అనుమతించు' అన్న బొత్తాం నొక్కకూడదు.

సంస్థల వంతు

భారమంతా ఖాతాదారుడి కళ్లపై మోపడం న్యాయం కాదన్న గుర్తింపు నియంత్రణ సంస్థల్లో ఆలస్యంగానైనా కనిపిస్తోంది. దేశంలోని బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అన్న ప్రత్యేక చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి 7న ప్రకటించింది. అందుకు ఆ ఏడాది అక్టోబరు 31ని గడువుగా నిర్ణయించింది. ఈ చిరునామాలను కేటాయించే ఏకైక అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి దక్కింది. రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన పరిశోధన సంస్థ ఇది. బ్యాంకు కానివారికి ఈ చిరునామా దొరకదు. స్టేట్ బ్యాంకు ఇప్పుడు 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్'. చిరునామా 'బ్యాంక్ డాట్ ఇన్'తోనే ముగియాలన్నది గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత ఇంకో చుక్క, ఇంకో మాట ఉంటే అది బ్యాంకుది కాదు.

నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న దగ్గర ఖాతాదారుడి పరిస్థితి ఇంకా బలహీనంగానే ఉంది. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఒక గీత గీసింది. బ్యాంకు, ఖాతాదారుడు ఇద్దరి తప్పూ లేని మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుడికి నష్టం ఉండదు. రహస్య వివరాలను తానే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేంతవరకు జరిగిన నష్టాన్ని తానే మోయాలి. నకిలీ పేజీలో పాస్‌వర్డ్ టైపు చేయడం నిర్లక్ష్యమా, మోసానికి గురికావడమా? చట్టం దృష్టిలో మోసగాడు నేరస్థుడే. ఐటీ చట్టంలోని 66సీ, 66డీ సెక్షన్లు అతడికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తాయి. కానీ అతడు దొరికేలోగా నష్టం మాత్రం బాధితుడి ఖాతాలోనే మిగిలిపోయే అవకాశం ఉంది.

ఇదే సమయంలో సంస్థలు తమ అలవాట్లనూ సరిదిద్దుకోవాలి. పండుగ ఆఫర్‌కూ, కేవైసీ గుర్తింపుకూ, భద్రతా హెచ్చరికకూ ఒకే తీరు మెయిల్ పంపి 'ఇక్కడ నొక్కండి' అని కోరుతున్న సంస్థే, మరునాడు 'లింకులు నొక్కకండి' అని ప్రచారం చేస్తోంది. నొక్కే అలవాటు వాళ్లు నేర్పిందే. భద్రతా మెయిళ్లలో లింకు లేకుండా 'మా యాప్ తెరిచి చూడండి' అని మాత్రమే రాస్తే మోసగాడి మెయిల్ వేరుగా కనిపిస్తుంది.

పొరపాటు జరిగితే

లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేశామని తెలిస్తే సిగ్గుపడి దాచుకోవడమే అన్నిటికంటే ఖరీదైన తప్పు. ముందుగా వేరే దారిలో అసలు యాప్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చాలి. ఇతర పరికరాలన్నింటి నుంచి ఖాతాను లాగౌట్ చేయాలి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడినా అక్కడా మార్చాలి. ఈ-మెయిల్ సెట్టింగుల్లో మెయిళ్లను మరో చిరునామాకు మళ్లించే నియమం కొత్తగా చేరిందేమో, రికవరీ ఫోన్ నంబరు మారిందేమో చూడాలి. చొరబడినవాడు పాస్‌వర్డ్ మారినా తిరిగి రాగలిగేలా వదిలి వెళ్లే కిటికీలు అవి.

డబ్బు పోతే బ్యాంకుకు, ఆ వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. రిసాలి నుంచి చేసినా, శ్రీకాకుళం నుంచి చేసినా నంబరు ఒక్కటే. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోయేలోగా ఆపడమే ఈ ఏర్పాటు ఉద్దేశం కాబట్టి ప్రతి నిమిషం లెక్కలోకి వస్తుంది.

ఇల్లు మారినప్పుడు, సిమ్ మారినప్పుడు, ఉద్యోగం విరమించినప్పుడు చేయవలసిన చిన్న పని ఒకటి తరచుగా మిగిలిపోతుంది. ఈ-మెయిల్ ఖాతాకు ఇచ్చిన రికవరీ నంబరు ఇప్పటికీ తమదేనా అని చూసుకోవడం అది. వాడకం ఆగిన మొబైల్ నంబరును 90 రోజుల తర్వాత మరొకరికి కేటాయించే వీలుంది. కొత్త యజమాని చేతికి సిమ్‌తో పాటు పాత యజమాని ఖాతా తాళం కూడా చేరే ప్రమాదం ఉంది. సెలవులకు రిసాలి వచ్చే పిల్లలు పెద్దవాళ్ల ఫోన్‌లో కొత్త యాప్ ఏదైనా పెట్టే ముందు ఈ ఒక్క నంబరు సరిచూసి, బ్యాంకు యాప్‌ను మెయిల్ ద్వారా కాక తెరపై బొమ్మను నొక్కి తెరవడం చేయించి చూపించడానికి పది నిమిషాలు పట్టదు. భిలాయిలోని ఆంధ్ర సాహిత్య సమితి వంటి తెలుగు సంస్థలు పండుగకు సభ్యులు కలిసే రోజున ఇదే పనిని తెలుగులో చేయించగలిగితే, ఇంగ్లీషు మెయిల్‌ను చదవలేకపోవడం ఎవరికీ లోటు కాదు. ఆ మెయిల్‌ను చదవనవసరమే ఉండదు.